రాత్రికి రాత్రి దిగిపోయే ఫ్యూయల్ ప్రెజర్, పొద్దున్నే మొరాయించే కారు: మోడిఫైడ్ పెట్రోల్ కార్లలో లోపం పట్టే పద్ధతి

"పొద్దున్నే పది సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ కారు అందుకోవడం లేదు. మధ్యాహ్నం మాత్రం ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతోంది. పంపు మార్చేశాం, ప్లగ్గులు మార్చేశాం, ఇంకేం మార్చాలి?" భీమవరం నుంచి, అమలాపురం నుంచి, కాకినాడ నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది పెద్ద పంపో, పెద్ద ఇంజెక్టర్లో, పెట్రోల్ ప్రెజర్‌ని అదుపులో పెట్టే విడి రెగ్యులేటరో వేయించినవాళ్లు. మిగతావాళ్లు సీఎన్‌జీ కిట్ పెట్టించినవాళ్లు.

ముందు ఒక మాట. మన డెల్టాలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా 18 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్‌కి అది చలే కాదు. కాబట్టి ఇక్కడ పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ వస్తే వాతావరణం మీద తోసేయకండి. రాత్రంతా కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు లైనులో ఏం జరిగిందన్నదే మొదట చూడాలి.

చేలో మోటారుకి ఫుట్ వాల్వ్ కారితే పొద్దున్నే పైపులో నీళ్లుండవు, మళ్లీ నీళ్లు పోసి అందించాలి. ఇక్కడ జరిగేదీ అదే. కాకపోతే కారులో ప్రెజర్ జారిపోవడానికి నాలుగు దారులున్నాయి: పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), ట్యాంకు లోపలి గొట్టం, రెగ్యులేటర్, ఇంజెక్టర్లు. ఏ దారిన పోతోందో తేల్చకుండా పార్టులు కొంటే డబ్బు వృథా.

## 1. మీ కారు సిస్టం ఏ రకమో తేల్చుకోండి

ఈ పద్ధతి ఇంజిన్‌కి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోకి పెట్రోల్ చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ కార్లకి. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో హై ప్రెజర్ వైపు వంద బార్లు దాటుతుంది, కామన్ రైల్ డీజిల్లో అయితే వెయ్యి దాటుతుంది. ఆ నట్లు ఇంట్లో విప్పకండి. చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగే ప్రెజర్ అది. వాటిని స్కానర్‌తోనే చదవాలి.

పోర్ట్ ఇంజెక్షన్‌లో రెండు రకాలు:

- రిటర్న్ ఉన్నది: రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) దగ్గర రెగ్యులేటర్, దానికో సన్నటి వాక్యూమ్ గొట్టం, అక్కడి నుంచి ట్యాంకుకి వెనక్కి వెళ్లే పైపు. పాత కార్లలోనూ, విడి రెగ్యులేటర్ వేసిన మోడిఫైడ్ కార్లలోనూ ఇదే.
- రిటర్న్ లేనిది: రైల్‌కి ఒకటే పైపు వస్తుంది. రెగ్యులేటర్ ట్యాంకు లోపల పంపు పక్కనే ఉంటుంది. ఇప్పటి మామూలు పెట్రోల్ కార్లలో ఎక్కువ భాగం ఇవే.

ఇది తెలియకుండా ముందుకెళ్తే ఆరో మెట్టులో తప్పు పైపు నొక్కుతారు.

## 2. సామాన్లు, జాగ్రత్తలు

- 0 నుంచి 7 బార్ వరకు చదివే ఫ్యూయల్ ప్రెజర్ గేజ్. మన కార్లలో చాలావాటికి రైల్ మీద గేజ్ బిగించే వాల్వ్ ఉండదు. మీ పైపు సైజుకి సరిపడే క్విక్ కనెక్టర్ ఉన్న మూడు దారుల టీ అడాప్టర్ కావాలి.
- పైపు మధ్యలో పెట్టే చిన్న షటాఫ్ వాల్వ్ ఒకటి. రిటర్న్ ఉన్న కారైతే రెండు
- మల్టీమీటర్
- ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) అంకెలు చదివే ఓబీడీ స్కానర్, లేదా ట్యూన్ చేసిన ఈసీయూకి కలిపే ల్యాప్‌టాప్
- పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పాత నూలు గుడ్డలు, కళ్లద్దాలు
- నోట్‌బుక్కు, పెన్ను. టైమూ ప్రెజరూ పక్కపక్కన రాయకపోతే ఈ పనంతా దండగ.

పని ఆరుబయట చేయండి. మన ఇళ్లలో కారు పోర్టికోలోనో షెడ్డులోనో ఉంటుంది, పక్కనే వంటగది కిటికీ ఉంటుంది. సాయంత్రమైతే దోమల కాయిల్ వెలుగుతుంటుంది, తులసి కోట దగ్గర దీపం ఉంటుంది. పెట్రోల్ ఆవిరి బరువుగా నేల మీదే పాకుతుంది. పది అడుగుల దూరంలో దీపం ఉన్నా ప్రమాదమే.

పైపు విప్పేముందు ప్రెజర్ తీసేయాలి. ఇంజిన్ నడుస్తుండగా పంపు ఫ్యూజు పీకండి, ఇంజిన్ దానంతట అది ఆగుతుంది. ఇంకో రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి, జాయింటు మీద గుడ్డ కప్పి నెమ్మదిగా విప్పండి. పైపు తిరిగి పెట్టాక క్లిక్ మన్న శబ్దం వినండి, ఒకసారి లాగి చూడండి.

## 3. గేజ్ పెట్టకముందే చేసే కీ పరీక్ష

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారు మీదే చేయాలి, ఒక్కో పొద్దున ఒక్కటే.

మొదటి పొద్దున: కీ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. వెనక సీటు కింద పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగాలి. కీ ఆఫ్ చేసి పది సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. పుష్ బటన్ కారైతే క్లచ్, బ్రేకు తొక్కకుండా ఇగ్నిషన్ ఆన్ అయ్యేదాకా బటన్ నొక్కాలి, చాలావాటిలో రెండుసార్లు. మధ్యలో ఆ పది సెకన్లు ఆగకపోతే కొన్ని ఈసీయూలు పంపుని రెండోసారి తిప్పవు.

రెండో పొద్దున: కీ తిప్పడాలు లేకుండా, యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఈసీయూలు అలా తొక్కినప్పుడు ఇంజెక్టర్లని ఆపేస్తాయి. అందుకున్న వెంటనే కాలు తీసేయాలి.

ఇక ఫలితం ఇలా చదవండి:

- మూడుసార్లు కీ తిప్పితే ఠక్కున అందుకుంది: లైను ఖాళీ అవుతోంది. 5, 6 మెట్లు మీకోసమే.
- యాక్సిలరేటర్ తొక్కితేనే అందుకుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన, ఒక నల్లటి పొగ: పెట్రోల్ ఎక్కువైంది. ఇంజెక్టర్ కారుతుండొచ్చు. 8వ మెట్టు చూడండి.
- రెండిటికీ తేడా లేదు: ముందు 4, ఆ తర్వాత 9.
- పంపు శబ్దమే లేదు: ఫ్యూజు, రిలే, వైరింగ్. గేజ్‌తో పని లేదు.

## 4. బ్యాటరీ, ఎర్త్, పంపు దగ్గర వోల్టేజ్

రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పోకూడదు. అంతకంటే పడిపోతే పంపు నీరసంగా తిరుగుతుంది, ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, స్పార్కు తగ్గుతుంది. మూడూ కలిసి అచ్చం ఫ్యూయల్ లోపంలాగే కనిపిస్తాయి.

మోడిఫైడ్ కార్లలో ఇంకో తిరకాసు ఉంది. పెద్ద పంపు వేస్తారు, వైరు మాత్రం కంపెనీది సన్నదే ఉంచుతారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ పాజిటివ్‌కీ పంపు కనెక్టర్ పాజిటివ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే వైరో రిలేయో తింటోందన్నమాట. అలాగే పంపు నెగటివ్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూడండి. 0.2 దాటితే ఎర్త్ బాగోలేదు.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే కార్లలో ముందు ఎర్త్ నట్టునే అనుమానించాలి. పైకి నిగనిగలాడుతుంది, విప్పితే లోపల పచ్చటి చిలుం. ఇసుక కాగితంతో రుద్ది బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే చాలు.

పెద్ద పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, ఫ్యూజు, విడి రిలే వేయాలి. ఆ రిలేని తిప్పే సిగ్నల్ మాత్రం ఈసీయూ నుంచే రావాలి. ఇగ్నిషన్‌కి నేరుగా కలిపితే, ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పంపు పెట్రోల్ కక్కుతూనే ఉంటుంది. ఈ అడ్డదారి వైరింగ్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

## 5. గేజ్ బిగించి చదవడం

రైల్‌కి వచ్చే పైపు దగ్గర టీ అడాప్టర్ పెట్టి, పీకిన పంపు ఫ్యూజు తిరిగి పెట్టి, బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేసి ముందు ఎక్కడైనా కారుతోందేమో చూడండి. ఒక్క చుక్క కనిపించినా అక్కడే ఆపాలి. ఏమీ లేకపోతే ఈ వరసలో కొలవండి:

1. కీ ఆన్, ప్రైమ్ అయ్యాక (పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాక): రిటర్న్ ఉన్న సిస్టంలో మామూలుగా 3 బార్ దగ్గర, లేనిదాంట్లో 3 నుంచి 4 బార్ మధ్య. మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకె, లేదా ట్యూనర్ పెట్టిన బేస్ ప్రెజర్, అదే ప్రమాణం.
2. ఐడిల్‌లో: రిటర్న్ సిస్టంలో వాక్యూమ్ గొట్టం వల్ల అర బార్ పైచిలుకు తగ్గాలి. గొట్టం పీకి చివర మూస్తే మళ్లీ బేస్‌కి ఎక్కాలి. ఆ గొట్టంలో పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగింది, వెతుకులాట అక్కడితో సరి.
3. బూస్ట్‌లో: రిటర్న్ ఉన్న టర్బో కారులో బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ప్రెజర్) ఎంత పెరిగితే ప్రెజర్ అంతే పెరగాలి. బేస్ 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే గేజ్ 4 చూపాలి. ఇది డేటా లాగ్‌లో చూసుకోండి. రావులపాలెం దగ్గర హైవే మీద బానెట్ బయట గేజ్ వేలాడదీసుకుని తొక్కకండి.
4. ఇంజిన్ ఆపాక: ఆపిన క్షణం, 1 నిమిషం, 5, 20, 60 నిమిషాలకి రాసుకోండి.

నాలుగోదే అసలు కొలత. ఇక్కడొక మోసం కూడా ఉంది. వేడి ఇంజిన్ ఆపగానే రైల్‌లో పెట్రోల్ వేడెక్కి, ప్రెజర్ తగ్గకుండా కాసేపు పెరగొచ్చు. రాజమండ్రి మే ఎండల్లో అయితే మరీను. అది చూసి "లీకు లేదు" అని గేజ్ పీకేస్తే పొరబడ్డట్టే. గంటసేపు ఆగాలి.

ప్రెజర్ ఎలా దిగుతోందో చూస్తే కారణం సగం తెలుస్తుంది:

- కొన్ని సెకన్లలో సున్నా: పంపు చెక్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది, లేదా ట్యాంకు లోపలి గొట్టం ఊడింది, లేదా రెగ్యులేటర్ మూసుకోవడం లేదు.
- 20 నిమిషాల్లో మూడో వంతు కంటే ఎక్కువ దిగింది: అనుమానించాల్సిందే. మాన్యువల్ దొరకనప్పుడు నేను వాడుకునే లెక్క ఇది.
- గంట నిలబడి పొద్దుటికి బాగా తగ్గింది: చాలా కార్లలో ఇది మామూలే. మంచి పంపు రెండు సెకన్లలో మళ్లీ నింపేస్తుంది.

ఈ చివరిది బాగా గుర్తుంచుకోండి. పొద్దున్నే ప్రెజర్ సున్నా ఉండటం ఒక్కటే జబ్బు కాదు. కీ ఆన్ చేశాక బేస్‌కి చేరడానికి ఎంతసేపు పడుతోందో కూడా చూడండి. రెండు మూడు సెకన్లలో చేరుతోందంటే మీ స్టార్టింగ్ ట్రబుల్‌కి కారణం వేరే ఉంది.

## 6. ఎటు పోతోందో వేరు చేసి చూడటం

మెత్తటి రబ్బరు గొట్టమైతే క్లాంప్‌తో నొక్కొచ్చు. గట్టి నైలాన్ పైపునీ, స్టీలు అల్లిక ఉన్న గొట్టాన్నీ ఎప్పుడూ నొక్కకండి. పగిలి, మీరే కొత్త లీకు తయారుచేసినట్టవుతుంది. వాటికి షటాఫ్ వాల్వే దారి.

గేజ్ మాత్రం వాల్వ్‌కీ రైల్‌కీ మధ్య ఉండాలి. వాల్వ్‌కి ట్యాంకు వైపున గేజ్ పెడితే చదివేదంతా తలకిందులవుతుంది.

రిటర్న్ ఉన్న సిస్టం:

1. ప్రైమ్ చేసి, పంపు ఆగగానే సప్లై పైపు మూయండి. ప్రెజర్ నిలబడితే తప్పు పంపు వైపు.
2. మళ్లీ ప్రైమ్ చేసి, పంపు ఆగాక ఈసారి రిటర్న్ పైపు మూయండి. నిలబడితే తప్పు రెగ్యులేటర్‌ది.
3. రెండూ మూసినా దిగుతోందా? ఇంజెక్టర్లో, రైల్ జాయింట్లో.

రిటర్న్ మూసి ఉంచి పంపు తిప్పకండి. ప్రెజర్ పంపు ఇవ్వగలిగినంత పైకి పోతుంది, ఎక్కడో ఒక జాయింటు తెగుతుంది.

రిటర్న్ లేని సిస్టం: మూయాల్సింది ఒక్కటే. సప్లై మూస్తే ప్రెజర్ నిలబడిందంటే లోపం ట్యాంకు లోపల. దిగిందంటే రైల్ వైపు.

విడి రెగ్యులేటర్లలో కొన్ని ఇంజిన్ ఆపగానే ప్రెజర్ వదిలేస్తాయి. ఇంజిన్ నడిచేటప్పుడు అంకె స్థిరంగా ఉంటే, బయటికి కారకపోతే, దాన్ని మార్చి డబ్బు తగలేయక్కర్లేదు. ఈసీయూలో ప్రైమ్ సమయం ఒకటి రెండు సెకన్లు పెంచమని ట్యూనర్‌ని అడగండి. అలాగే, లైనులో పెట్టే కొన్ని బయటి పంపుల్లో చెక్ వాల్వ్ ఉండదు, విడిగా బిగించాలి.

## 7. ట్యాంకు లోపల

ఇక్కడి లీకు కనపడదు, వాసన రాదు, చుక్క కింద పడదు. లీకైన పెట్రోల్ మళ్లీ ట్యాంకులోనే పడుతుంది. అందుకే పంపు మార్చిన చోటే మళ్లీ పంపు మారుస్తుంటారు. "కొత్త పంపు కూడా డూప్లికేటేనండీ" అని మెకానిక్ అంటే నమ్మేముందు ఇవి విప్పి చూడమనండి:

- పంపుకీ పై ప్లేటుకీ మధ్య గొట్టం. మామూలు ఫ్యూయల్ హోస్ లోపల పెట్రోల్‌ని తట్టుకుంటుంది, బయట కాదు. ట్యాంకులో మునిగి ఉండాలంటే అందుకోసమే చేసిన హోస్ కావాలి. మామూలుది వేస్తే కొన్నాళ్లకి ఉబ్బి, మెత్తబడి, చీలుతుంది.
- క్లాంపు. గుండ్రంగా సమానంగా బిగిసే రకం వేయాలి. స్క్రూ క్లాంపు అతిగా బిగిస్తే గొట్టాన్ని కోసేస్తుంది.
- ఓ-రింగు. పాతదే మళ్లీ వేస్తారు, లేదా పొడిగా తోస్తే మెలిపడుతుంది. కొత్తది వేసి, కాస్త శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి దింపాలి.
- పంపు కూర్చున్న తీరు. అడుగున జల్లెడ ట్యాంకు అడుగుని తాకాలి. పైకి తేలి ఉంటే ట్యాంకు సగానికి దిగాక, ఏటిగట్టు ఎక్కే వాలులో గాలి పీలుస్తుంది.

వర్షాకాలంలో మోకాల్లోతు నీళ్లలో దిగి వచ్చిన కారైతే సీటు కింద పంపు మూత తీసి కనెక్టర్ పిన్నులు కూడా చూడండి.

## 8. ఇంజెక్టర్ కారుడు

పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు ప్లగ్గులు విప్పండి. మూడు పొడిగా, ఒకటి తడిగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టరే దొంగ. ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వచ్చినా, లెవెల్ పెరిగినా ఆయిల్ మార్చేవరకు ఇంజిన్ తిప్పకండి.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే రైల్‌ని ఇంజెక్టర్లతో సహా పైకి లేపి, కింద తెల్ల కాగితం పరచి, పంపుతో ప్రైమ్ చేసి రెండు నిమిషాలు చూడండి. ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజెక్టర్ కనెక్టర్లు ముందే పీకేసి ఉండాలి. ఇంజెక్టర్లు రైల్‌లోంచి జారకుండా కట్టి పెట్టాలి. మొన చెమర్చడం వేరు, చుక్క రాలడం వేరు. నిమిషానికి ఒక చుక్క రాలినా అది పనికిరాదు. అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌తో కొన్ని బాగుపడతాయి. క్లీనింగ్ తర్వాత కూడా రాలితే మార్చాల్సిందే, మందు సీసాలు పోస్తే ఫలితం ఉండదు.

## 9. ప్రెజర్ భేషుగ్గా ఉంది, అయినా అందుకోవడం లేదు

ఇది తేలిందంటే పంపు జోలికి పోకండి.

కూలెంట్ సెన్సర్: రాత్రంతా ఆగిన కారుకి స్కానర్ పెట్టి కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు చూడండి. రెండూ నాలుగైదు డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 22 ఉంటే కూలెంట్ 70 అని చూపిస్తోందా? ఇంజిన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ తగ్గించేస్తోంది.

ఇంజెక్టర్లు మారాయి, ట్యూన్ మారలేదు: పెద్ద ఇంజెక్టర్ వేసినప్పుడు సెల్ఫ్ సమయంలో ఇచ్చే పెట్రోల్, బ్యాటరీ వోల్టేజ్‌ని బట్టి తెరుచుకునే ఆలస్యం, రెండూ ట్యూన్‌లో మార్చాలి. రెగ్యులేటర్ తిప్పి ప్రెజర్ పెంచినా అంతే. 3 బార్ నుంచి 4 చేస్తే పెట్రోల్ దాదాపు 15 శాతం ఎక్కువ పోతుంది. ట్యూనర్‌కి చెప్పకుండా ఆ స్క్రూ ముట్టుకోకండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్): 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇదే దొరుకుతోంది. గాలి నిష్పత్తి (కిలో పెట్రోల్ మండడానికి కావాల్సిన గాలి, కిలోల్లో) ఇథనాల్ కలపని పెట్రోల్‌కి 14.7 అయితే ఈ10కి 14.1, ఈ20కి 13.5 దగ్గర. అంటే ఈ10కి చేసిన ట్యూన్ ఈ20 మీద నాలుగు శాతం దాకా పలచబడుతుంది. వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ సరిదిద్దుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ సెన్సర్ ఇంకా చల్లగానే ఉంటుంది, సరిదిద్దేవాడు లేడు. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి. ముందే అంచు మీదున్న ట్యూన్ ఇక్కడ తేలిపోతుంది.

నీరు: పండక్కి మాత్రమే తీసే కారులో సగం ఖాళీ ట్యాంకు ఉంచితే, మన గాలిలోని తేమని ఇథనాల్ పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగుతుంది, పంపు పీల్చేది అడుగు నుంచే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడితే ట్యాంకు మొత్తం వంచేయాల్సిందే.

## 10. సీఎన్‌జీ కిట్ ఉన్న కార్లు

మన వైపు ఎక్కువగా కనిపించే మోడిఫికేషన్ ఇదే. ఈ కార్లు చాలావరకు పెట్రోల్‌తో స్టార్టయి, కాస్త వేడెక్కాక గ్యాస్‌కి మారతాయి. పెట్రోల్‌తో పని అర నిమిషమే కదా అని ట్యాంకులో ఎప్పుడూ రిజర్వే ఉంచుతారు. చాలా కిట్లలో గ్యాస్ మీద నడిచేటప్పుడు కూడా పంపు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. కనీసం పావు ట్యాంకు ఉంచండి, వారానికోసారి పదిహేను కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి. లేకపోతే ఇంజెక్టర్లు జిగురు పట్టేస్తాయి.

పరీక్ష తేలికే. ఇంటికి రెండు కిలోమీటర్ల ముందే పెట్రోల్‌కి మార్చండి. కారు ఆపాక సిలిండర్ చేతి వాల్వ్ మూసేయండి. పొద్దున్నే చక్కగా అందుకుంటే లోపం గ్యాస్ వైపు: రాత్రంతా గ్యాస్ మానిఫోల్డ్‌లోకి జారుతోంది. అక్కడితో ఆపి కిట్ సెంటర్‌కి తీసుకెళ్లండి. సిలిండర్‌లో 200 బార్ ఉంటుంది, ఆ లైను మనం ముట్టుకునేది కాదు.

వాక్యూమ్ కోసం కిట్ వాళ్లు గొట్టంలో పెట్టిన ప్లాస్టిక్ టీ కూడా చూడండి. ఎండకి పగిలి గాలి పీలుస్తుంది. గ్యాస్ ట్యూనింగ్ సరిగ్గా లేకపోయినా ఈసీయూ పెట్రోల్ లెక్కలు చెడగొట్టుకుంటుంది. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సరిదిద్దుతోందో చెప్పే అంకె) పది శాతం దాటి అటో ఇటో ఉంటే అదే గుర్తు. కిట్ ఆర్‌సీలో ఎక్కించారో లేదో కూడా ఈ వంకన చూసుకోండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

- వేడి ఇంజిన్ మీద పరీక్ష చేసి "బాగానే ఉంది" అనుకోవడం. రోగం పొద్దుటిదైతే పరీక్షా పొద్దుటే.
- ఒకేసారి పంపు, రెగ్యులేటర్, ఫిల్టర్ మూడూ మార్చడం. కారు బాగుపడినా ఏది పాడైందో తెలియదు.
- ప్రెజర్ దిగిపోతోందని రెగ్యులేటర్ స్క్రూ బిగించి బేస్ పెంచడం. లీకు అలాగే ఉంటుంది, మిశ్రమం చిక్కబడుతుంది.
- కారుతున్న జాయింటుకి టెఫ్లాన్ టేపు చుట్టడం. ఫ్లేర్, ఓ-రింగు జాయింట్లు టేపుతో ఆగవు, ముక్క ఊడి ఇంజెక్టర్‌కి అడ్డం పడుతుంది.
- అందుకునేదాకా ముప్పై సెకన్లు ఏకబిగిన సెల్ఫ్ కొట్టడం. స్టార్టర్ కాలుతుంది, ప్లగ్గులు తడుస్తాయి.

## 12. రిపేరు అయ్యాక

- గేజ్ తీయకముందే 5వ మెట్టులోని కొలతలన్నీ మళ్లీ తీసి పాతవాటి పక్కన రాయండి.
- విప్పిన ప్రతి జాయింటూ పొడి గుడ్డతో తుడిచి, పంపు తిప్పి, మళ్లీ తుడిచి చూడండి.
- వరసగా మూడు పొద్దుళ్లు ఒక్క కీతోనే స్టార్ట్ చేయండి. కీ మూడుసార్లు తిప్పే అలవాటు ఈపాటికి చేతికి వచ్చేసి ఉంటుంది, దాన్ని ఆపాలి.
- ఇంకా తేలకపోతే ఆ నోట్‌బుక్కు పేజీ ఫొటో తీసి ట్యూనర్‌కి పంపండి: బేస్ ప్రెజర్, ఆపాక ఐదు అంకెలు, సెల్ఫ్ సమయంలో వోల్టేజ్, పొద్దుటి కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజెక్టర్ సైజు, ఏ పెట్రోల్ పోశారు. "స్టార్ట్ అవ్వట్లేదన్నా" అనే ఒక్క మెసేజ్‌తో ఏ ట్యూనరూ ఏమీ చెప్పలేడు.